ప్యాచ్ మీద పూలు

బస్ స్టేషన్‌కి ఎదురుగా, రోడ్డు అవతల, ఒక కళ్లజోళ్ల షాపు ఉంది. ముందు గదిలో ఫ్రేములూ అద్దాలూ, గోడకి అక్షరాల చార్టూ. వెనక గదిలో ఆమె. గుండ్రంగా వచ్చే అద్దాన్ని ఫ్రేము ఆకారానికి అరగదీసి, అంచు నునుపు చేసి, లోపల కూర్చోబెట్టి, చీమ తలకాయంత స్క్రూలు బిగించడం ఆమె పని. షాపుకి వచ్చేవాళ్లలో ఆమె పేరు తెలిసినవాళ్లు తక్కువ. "కళ్లద్దాలమ్మ ఉందా?" అనే అడిగేవాళ్లు. ముక్కు మీద గాటు పడుతోందనో, చెవి వెనక నొక్కేస్తోందనో ఎవరైనా వస్తే, ఫ్రేము కాడని వేడిగాలి దగ్గర పట్టుకుని, మెత్తబడ్డాక వేళ్లతో వంచి, తనే వాళ్ల చెవికి పెట్టి చూసేది. "అసలు పెట్టుకున్నట్టే లేదమ్మా" అని వాళ్ల నోటితో అనిపించుకునేదాకా వదిలేది కాదు.

ఆమె మొగుడు సిటీ బస్సు కండక్టరు. పెళ్లి కాకముందు ఆమె రోజూ పనికి వెళ్లే బస్సు ఆయనదే. మనిషి బక్కపలచన, గొంతు మాత్రం బస్సుకి రెండో హారను. "మెట్ల మీదున్న హీరోలందరూ లోపలికొస్తే సినిమా మొదలెడదాం" అని అరిస్తే, కదలనంటే కదలని కుర్రాళ్లు కూడా నవ్వుకుంటూ లోపలికి జరిగేవాళ్లు. ఆమె స్టాపు వస్తే, "కళ్లద్దాల షాపు! కళ్లు కావలసినవాళ్లు దిగండి, కళ్లున్నవాళ్లు చూసి దిగండి!" అనేవాడు. ఒకరోజు ఆమె మెట్టు మీద ఉండగానే, అదే గొంతుతో, "నా కళ్లు కూడా ఇక్కడే దిగిపోతున్నాయి" అన్నాడు. బస్సంతా గొల్లుమంది. ఆమెకి సిగ్గుతో, కోపంతో చెవులు ఎర్రబడ్డాయి. కొన్నాళ్లు వేరే బస్సెక్కింది. ఆ బస్సు కండక్టరు నోట్లో బెల్లం పెట్టుకున్నట్టు పెదవి విప్పేవాడు కాదు. ఆమె ఏదో ఆలోచనలో ఉండి తన స్టాపు దాటిపోయింది. మర్నాడు మళ్లీ పాత బస్సే ఎక్కింది. ఆయన ఏమీ అనలేదు. ఆమె స్టాపు రాగానే మాత్రం పూర్తిగా ఆపించి, ఆమె నేల మీద రెండు కాళ్లూ పెట్టాకే విజిలేశాడు. పెళ్లి మాట అక్కణ్ణుంచి మొదలైంది.

కాపురం మేడ మీద రెండు గదుల్లో. కింద వాటాలో ఆయన అక్క. పిల్లలు కలగలేదు. ఆ లోటు ఉండీ ఉండీ గుచ్చేది కానీ, ఆయన ఇంట్లో ఉన్నంతసేపూ ఇల్లు ఖాళీగా ఉందని ఎవరూ అనలేరు. పళ్లు తోముకుంటూ మాట్లాడేవాడు, తల తుడుచుకుంటూ మాట్లాడేవాడు, నిద్రలో కూడా ఎవరినో లోపలికి జరగమనేవాడు. "ఒక్క నిమిషం నోరు మూసుకుంటే మీ సొమ్మేం పోతుందండీ?" అని ఆమె విసుక్కునేది. తర్వాత్తర్వాత ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా తన నాలుకని తనే కొరుక్కోవాలనిపించేది.

జబ్బు ముందు చేతికొచ్చింది. టికెట్ చింపబోతే బొటనవేలు ఆయన మాట వినకుండా ఒణికేది. తర్వాత నడక చిన్నదైంది. అడుగులో అడుగు వేసుకుంటూ, గుమ్మం దగ్గరకొచ్చి అక్కడే అతుక్కుపోయేవాడు. ఆ తర్వాత ముఖం. నవ్వొచ్చే మాటకి కూడా ముఖం కదిలేది కాదు. అన్నిటికన్నా ఆఖర్న పోయింది గొంతు. బస్సు వెనక నుంచి, "ఏ స్టాపయ్యా? గట్టిగా చెప్పు!" అని ప్రయాణికులు కేకలెయ్యడం మొదలెట్టారు. ఆయన గట్టిగానే చెబుతున్నాననుకునేవాడు.

నరాల డాక్టరమ్మ నెమ్మదస్తురాలు. ఒణుకుడు జబ్బని చెప్పి, తలలో ఊరవలసిన ఒక రసం తగ్గిపోతోందనీ, ఆ లోటుని మందుతో పూడ్చాలనీ వివరించింది. మాత్రలు ఆయనకి పడలేదు. వేసుకున్న గంటకే వాంతి. అప్పుడు డాక్టరమ్మ ప్యాచ్ రాసింది. చర్మానికి అంటించుకునే పట్టీ. దాని జిగురులోనే మందు కలిసి ఉంటుంది. రోజంతా కొద్దికొద్దిగా చర్మంలోంచి లోపలికి దిగుతుంది. ఒకచోటే అంటిస్తే చర్మం కందిపోతుంది కాబట్టి ఇవాళ భుజం, రేపు పొట్ట, ఎల్లుండి తొడ.

ఆ పని ఆమె తీసుకుంది. పొద్దున్నే ప్యాచ్ ఉన్న చిన్న సంచి చింపి, వెనక ప్లాస్టిక్ ఒలిచి, అంటించి, పైన అరచేయి పెట్టి అదిమేది. చేతి వేడి తగిలితే బాగా పట్టుకుంటుందని డాక్టరమ్మ చెప్పింది. అంతసేపు ఒకరినొకరు ముట్టుకుని కూర్చోవడం వాళ్లకి కొత్త. ఒకరేమో తెల్లారకముందే డ్యూటీకి పోయే మనిషి, ఇంకొకరు చీకటిపడ్డాక ఇల్లు చేరే మనిషి. అంతకాలం అలాగే గడిచిపోయింది.

"టికెట్ అంటించావా?" అనేవాడు, ఆ సన్నటి గొంతుతోనే.

"అంటించాను. కదలకుండా కూర్చోండి."

"ఎంతదాకా?"

"రేపు పొద్దున్నదాకా. మధ్యలో దిగడానికి లేదు."

కొన్ని వారాలు గడిచాక ఒక పొద్దున ఆమె పొయ్యి దగ్గరుంది. స్నానాల గదిలోంచి, "ఏమోయ్! తువ్వాలు!" అని కేక వినబడింది. చేతిలో గిన్నె జారి కిందపడింది. మొహమాటపడుతూ వచ్చే గొంతు కాదది. గోడలు అదిరే పాత గొంతు. కింద వాటాలోంచి వాళ్లక్క చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లెక్కి వచ్చేసింది. "ఏమైందే అమ్మాయ్? వాడేనా అరిచింది?" ఆమె తలూపింది. తువ్వాలు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. లోపల్నుంచి మళ్లీ, "తువ్వాలు నేస్తున్నావా ఏంటి?" అన్నాడు. వదినామరదళ్లిద్దరూ ఒకళ్లనొకళ్లు పట్టుకుని ఏడవాలో నవ్వాలో తెలీక రెండూ చేశారు.

బస్సులో నిలబడే పని ఇక కుదరదు. అయినా డిపో మేనేజరు పాత మనిషి కదా అని బస్ స్టేషన్‌లో అనౌన్స్‌మెంట్ల గదిలో కూర్చోబెట్టాడు. ఒక మైకు, ఒక కుర్చీ, ప్లాట్‌ఫారాలు కనబడే గాజు కిటికీ. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికొస్తోందో చెప్పాలి. ఆయనకి అది సింహాసనమే. స్టేషన్ స్పీకర్లలో ఒకటి సరిగ్గా రోడ్డు వైపు తిరిగి ఉండేది. అంచేత ఆమె వెనక గదిలో మిషన్ మీద అద్దం అరగదీస్తుంటే, అద్దం మీద పడే నీళ్ల చప్పుడు మీదుగా ఆయన గొంతు వచ్చి పక్కన కూర్చునేది. మధ్యాహ్నం కాగానే ఒక అనౌన్స్‌మెంట్ వచ్చేది. "ప్రయాణికులకు గమనిక! రోడ్డు దాటి భోజనానికి వచ్చువారు, రెండు వైపులా చూసుకుని నెమ్మదిగా దాటవలెను." ప్రయాణికులు అదేదో భద్రతా వారోత్సవం అనుకునేవాళ్లు. షాపు యజమాని మాత్రం ముందు గదిలోంచి, "అమ్మా, నీ బస్సొచ్చింది" అనేవాడు. ఆమె చేతులు తుడుచుకుని, క్యారేజీ తీసుకుని, రెండు వైపులా చూసుకుని రోడ్డు దాటేది. ఆమె తన బతుకులో దేనికైనా దిష్టి తగులుతుందని భయపడిందంటే ఆ రోజులకే.

ఒకసారి కొత్త పెట్టె తెచ్చుకున్నాక, పొద్దున ప్యాచ్ ఒలుస్తుంటే జిగురు వైపు ఏదో కనబడింది. కిటికీ వెలుగులోకి పట్టుకుని చూసింది. ఒక చుక్క, దాని చుట్టూ సన్నటి సూదులు విచ్చుకుని, పువ్వులా ఉంది. పక్కన ఇంకొకటి. ఉప్పునీళ్లు ఆరిపోయిన పళ్లెం అడుగున మిగిలే ముగ్గులాంటి తెల్లటి పువ్వు. ముచ్చటగా ఉంది.

"చూశారా, కంపెనీవాళ్లు పూల డిజైను వేశారు."

ఆయన కళ్లు చికిలించి చూశాడు. "ఆడవాళ్లది ఇచ్చినట్టున్నాడు. మార్చుకురా."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆమె దాన్ని ఆయన భుజానికి అంటించి, అరచేయి పెట్టి అదిమింది. మర్నాటి దాని మీద పూలు ఇంకాస్త ఒత్తుగా ఉన్నాయి. దాన్నీ అంటించింది.

ఆ నెలలోనే ఆయన మళ్లీ గుమ్మం దగ్గర అతుక్కుపోవడం మొదలైంది. చొక్కా గుండీ పెట్టుకోవడానికి ఆమె స్నానం చేసి వచ్చేంత సేపు పట్టేది. మైకులో ఆయన మాటలు ఒకదాని మీద ఒకటి పడి నలిగిపోయేవి. ఏడో ప్లాట్‌ఫారం అన్నాడో ఎనిమిది అన్నాడో తెలీక ఒక ముసలావిడ వేరే ఊరి బస్సెక్కి, దారిలో దిగి నానా అవస్థ పడిందట. మేనేజరు ఏమీ అనలేదు. అనకపోవడమే ఆయనకి ఎక్కువ కష్టమైంది.

ఒక మధ్యాహ్నం స్పీకరు గరగరమంది కానీ మాట రాలేదు. ఆమె మిషన్ ఆపి చెవులు రిక్కించింది. ఏ బస్సు మాటా లేదు, భోజనం మాటా లేదు. వేళ దాటిపోతుంటే ఉండబట్టలేక క్యారేజీ తీసుకుని వెళ్లింది. ఆయన మైకు ముందు కూర్చుని ఉన్నాడు, చేతులు ఒళ్లో పెట్టుకుని.

"ఇవాళ పిలవలేదేం?" అంది.

ఆయన పెదవులు కదిలాయి. ఆమె వంగింది.

"పిలిచాను" అన్నాడు. "చాలాసేపట్నుంచి పిలుస్తున్నాను."

ఆమె క్యారేజీ మూత తీసింది. వాసన చూసి, బాగుందన్నట్టు ఆయన తలూపాడు. ఆ మర్నాటి నుంచి ఆయన ఆ గదికి వెళ్లలేదు.

డాక్టరమ్మ పరీక్ష చేసి, జబ్బు ముందుకి నడుస్తోందంది. అది ఆవిడ చాలామందిలో చూసిందే. మందు పెంచింది. ఇంకాస్త పెద్ద ప్యాచ్. దాని మీద పూలు కూడా పెద్దవే. "ఒక్కొక్కళ్లకి ఇంతేనమ్మా. వీడి రాతలో ఆ కాస్త మంచి కాలం రాసిపెట్టి ఉంది, అనుభవించాం" అంది కింద వాటా వదిన, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. ఆ ఓదార్పు ఆమెకి కారం రాసినట్టు ఉంది. 

బస్ స్టేషన్‌లో రికార్డు చేసిన గొంతు పెట్టారు. ఎవరో అమ్మాయి, తీయగా, ఒక్క అక్షరం కూడా పొల్లుపోకుండా చెబుతుంది. స్పీకరు గరగరమన్నప్పుడల్లా ఆమె చెయ్యి మిషన్ మీద ఆగిపోయేది. బుర్రకి తెలుసు, ఆయన ఇంట్లో ఉన్నాడని, కుర్చీలో కిటికీ వైపు ముఖం పెట్టుకుని ఉన్నాడని. చెవికి తెలీదు. గరగర రాగానే చెవి లేచి నిలబడేది, తీయటి గొంతు రాగానే కూలబడేది. ఆ రోజుల్లో అద్దాలు చాలా పాడుచేసింది. అంచు ఎక్కువ అరిగిపోయి ఫ్రేములో లొడలొడలాడేవి. షాపు యజమాని చూసి కూడా మాట్లాడకుండా కొత్త అద్దం తీసిచ్చేవాడు.

మనిషి కళ్లెదుటే ఉండగా మనిషి కోసం బెంగపెట్టుకోవడం ఎవరితో చెప్పుకోవాలో ఆమెకి తెలీలేదు. పోయినవాళ్ల కోసం ఏడిస్తే నలుగురూ వచ్చి కూర్చుంటారు. ఈయన ఉన్నాడాయె. పక్కనే పడుకుంటాడు. చెయ్యి పట్టుకుంటే పట్టుకుంటాడు. ఫోనులో ఎక్కడైనా ఆయన గొంతు ఉందేమోనని వెతికింది. అన్నీ ఫొటోలే. ఆ నోరు ఎప్పుడూ మోగుతూనే ఉండేది కాబట్టి పట్టి దాచుకోవాలన్న ఆలోచనే రాలేదు. ఒకే ఒక్క వీడియో దొరికింది. వదిన తన కొత్త ఫ్రిజ్ ఎవరికో చూపిస్తూ తీసింది. అందులో ఎక్కడో వెనక నుంచి ఆయన నవ్వు. మాట లేదు, నవ్వు మాత్రమే. అది పూర్తికాకుండానే వదిన ఫ్రిజ్ తలుపు వేసిన చప్పుడు. ఆ తలుపు చప్పుడు రాకముందే ఆపెయ్యడం ఆమె బాగా అలవాటు చేసుకుంది.

మందుల షాపాయన ఆమెకన్నా చిన్నవాడు. "అక్కా" అంటాడు. ఒకరోజు ప్యాచ్‌ల కోసం వెళ్లి, పెట్టె తీసుకుంటూ ఏదో మాటకి మాటగా అంది. "తమ్ముడూ, ఈసారైనా పూలు లేనివి ఉంటే ఇవ్వు. మీ బావగారికి ఆ డిజైను నచ్చలేదు."

అతను నవ్వబోయి ఆగాడు. "పూలేంటక్కా?"

"అదే, జిగురు మీద వేస్తున్నారుగా, తెల్లపూలు."

"డిజైనేమీ ఉండదే." అతను ఆ పెట్టె ఆమె చేతిలోంచి తీసుకుని, ఒక సంచి చింపి, ప్లాస్టిక్ ఒలిచి, లైటుకి ఎదురుగా పట్టుకున్నాడు. చాలాసేపు చూశాడు. ఇంకొకటి చింపాడు. ముఖంలో రంగు మారింది.

"ఎన్నాళ్లనుంచి ఇలా ఉన్నాయి?"

"చాన్నాళ్లయింది. ఏం, ఏమైంది?"

అతను ఆమెకి స్టూలు జరిపాడు. "కూర్చో అక్కా. తేనె సీసా అడుగున ఒక్కోసారి గడ్డకట్టి పలుకులు పలుకులుగా అవడం చూశావుగా? ఇదీ అంతే. ఈ జిగురులో మందు కరిగి ఉంటేనే చర్మంలోకి దిగుతుంది. జిగురు మొయ్యగలిగినదానికన్నా మందు ఎక్కువుంటే, ఎప్పుడో ఒకప్పుడు అది స్ఫటికాలు కట్టేస్తుంది. ఒకటి కట్టిందంటే దాన్ని పట్టుకుని ఇంకొకటి. అలా కట్టిన మందు ప్యాచ్‌లోనే ఉండిపోతుంది, ఒంట్లోకి దిగదు."

"అంటే మందు లేనట్టేనా?"

"ఉంది. మొత్తం అందులోనే ఉంది. దిగేది మాత్రం ఏ కొంచెమో."

ఆమె ఆ ప్యాచ్ వైపే చూస్తూ ఉండిపోయింది. తను వెలుగులోకి పట్టుకుని ముచ్చటపడిన పువ్వు. రోజూ పొద్దున్నే అరచేయి పెట్టి, ప్రేమగా, నెమ్మదిగా, ఆయన ఒంటికి అదిమిన పువ్వు.

"అయితే... ఆయన జబ్బు ముదరలేదా?"

"అది డాక్టరమ్మ చెప్పాలక్కా. నాకు తెలీదు." ఆశ పెట్టడానికీ తుంచడానికీ రెండింటికీ భయపడుతున్నట్టు చెప్పాడు. ఆమె ఉండగానే కంపెనీకి ఫోను చేశాడు, తర్వాత డాక్టరమ్మకి. అవతల డాక్టరమ్మ ఏమందో గానీ, అతను, "అవునండీ, నేను కళ్లారా చూశాను" అన్నాడు.

ఇంటికి ఎలా వచ్చిందో ఆమెకే తెలీదు. మెట్ల మీద కోపం, తలుపు దగ్గర ఆశ, లోపలికి అడుగుపెట్టి ఆయన్ని చూసేసరికి రెండూ కాకుండా ఏడుపు. ఆయన కాళ్ల దగ్గర కూర్చుని అంతా చెప్పింది. జిగురు, తేనె, స్ఫటికాలు. ఆయన కదలని ముఖంతో విన్నాడు. అర్థమైందో లేదోనని, "మందు అందులోనే ఉందటండీ, దిగలేదంతే" అని మళ్లీ చెప్పింది.

ఆయన గొంతు పైకి రావడానికి కాసేపు పట్టింది. ఆమె చెవి ఆయన నోటికి ఆనించింది.

"ఎలా దిగుతుందే?" అన్నాడు. "స్టాపు పేరు పిలిచేవాడు లేడుగా."

ముఖంలో నవ్వు లేదు. లోపల మాత్రం ఆ మనిషి ఎక్కడికీ పోలేదు. ఆమె అంత ఏడుపులోనూ పకపకా నవ్వింది. నవ్వి, ఆ మోకాలి మీద తలపెట్టి మళ్లీ ఏడ్చింది.

ఆమెలా ఇంకా చాలామంది చాలా ఊళ్లలో ఆ పూలు చూశారని తర్వాత తెలిసింది. కంపెనీవాళ్లు షాపుల్లో ఉన్న ప్యాచ్‌లన్నీ వెనక్కి తీసుకున్నారు. సరిచేసి మళ్లీ పంపుతామన్నారు. ఎప్పుడో చెప్పలేదు. ఆ లోపు మళ్లీ మాత్రలే, మళ్లీ వాంతులే. డాక్టరమ్మ మోతాదు తగ్గించీ, పెంచీ, వేరేవి మార్చీ చూసింది. "ఆ పెద్ద ప్యాచ్ రాసేముందు నేనే ఒకసారి తెప్పించి చూడాల్సిందమ్మా" అని తనంతట తనే అంది. ఆమెకి ఆ డాక్టరమ్మ మీద కోపం రాలేదు. కోపానికి కూడా కాస్త ఓపిక కావాలి, ఉన్నదంతా ఎదురుచూడడానికే సరిపోయేది.

పని అయ్యాక మందుల షాపు మీదుగా ఇంటికి వెళ్లడం అలవాటైంది. "వచ్చాయా?" అని మొదట్లో లోపలికెళ్లి అడిగేది. తర్వాత గుమ్మంలోంచే. ఆ తర్వాత రోడ్డు ఇవతల నుంచే చూస్తే, అతను లోపల్నుంచి తల అడ్డంగా ఊపేవాడు. ఇద్దరికీ మాట ఖర్చు లేకుండా పోయింది. అదివరకు, పూల సంగతి తెలీని రోజుల్లో, ఆమె బెంగకి ఒక కుదురు ఉండేది. పోయింది, ఇక రాదు, అనుకుని మనసుని కూర్చోబెట్టేది. ఇప్పుడు అది కూర్చోనంటోంది. ఎక్కడో ఏదో ఫ్యాక్టరీలో ఎవరో జిగురు కలుపుతున్నారు. అది కుదిరితే ఆయన గొంతు ఉంది, కుదరకపోతే లేదు. అది ఎవరి చేతుల్లో ఉందో, ముఖం కూడా తెలీని ఆ మనుషుల్ని తలుచుకుని, "తొందరగా కానివ్వండయ్యా" అని మిషన్ ముందు కూర్చుని గొణుక్కునేది.

ఒక సాయంత్రం, అడ్డంగా ఊగే తల కోసం అలవాటుగా చూస్తే, మందుల షాపాయన అసలు లోపలే లేడు. గుమ్మంలో నిలబడి, రెండు చేతులూ ఎత్తి ఊపుతున్నాడు. కొత్తవి వచ్చాయి. చల్లటి డబ్బాలో, మంచు సంచుల మధ్య. "ఫ్రిజ్‌లోనే ఉంచాలక్కా. చల్లగా ఉంటే గడ్డకట్టడం బాగా నెమ్మదిస్తుందట. జిగురు కూడా మారుస్తున్నారు, అవి ఇంకా రావాలి. ఈలోపు వీటిని అంటించే ముందు ఒకసారి వెలుగులో చూసుకో."

మేడ మీద ఫ్రిజ్ లేదు. కింద వదిన ఫ్రిజ్‌లో పైఅర ఖాళీ చేయించింది. వదిన మొదట కాస్త సణిగినా, తర్వాత తన మరచెంబులూ గిన్నెలూ కూడా దాని పక్కకి రానివ్వలేదు. పొద్దున్నే ఆమె మెట్లు దిగడం, ఒకటి పట్టుకుని ఎక్కడం. కిటికీ దగ్గర ప్లాస్టిక్ ఒలిచి, అద్దంలో గీత వెతికేటప్పుడు చూసినట్టు, మూల నుంచి మూలకి చూసేది. నున్నగా, ఖాళీగా, ఏ పువ్వూ లేకుండా ఉంటే ఊపిరి వదిలేది.

చెయ్యి మొదట దారికొచ్చింది. తర్వాత గుమ్మాలు. ఒకరోజు కింద వదిన ఏదో అన్నదానికి ఆయన ముఖంలో ఒక పక్క సన్నగా ముడత పడింది. అది నవ్వేనా కాదా అని ఆ వదినామరదళ్లు సాయంత్రందాకా తర్జనభర్జన పడ్డారు. గొంతు కూడా వచ్చింది. కానీ సగమే. పక్క గదిలోకి వినబడుతుంది, కింద వాటాకి వినబడదు. పొద్దుటి పూట బాగుంటుంది, సాయంత్రానికి నలిగిపోతుంది. ఆమె వారాలు చూసింది, నెలలు చూసింది. "ప్యాచ్ సరిగానే పనిచేస్తోందమ్మా" అంది డాక్టరమ్మ. "మందు దిగకుండా ఆగిపోయిన ఆ కాలమంతా జబ్బు మాత్రం ఆగలేదు. తన దారిన తను నడిచింది. ఎంత పూలవల్ల పోయిందో, ఎంత జబ్బువల్ల పోయిందో నేను విడదీసి చెప్పలేను."

అది ఆమెని చాలాకాలం పీడించింది. పోయినదాన్ని కూడా సరిగా విడదీసుకోలేని దుఃఖం. అసలు లేనప్పటికన్నా సగం వచ్చాకే ఎక్కువ తహతహగా ఉండేది. ఆయన పిలిస్తే ఆ పిలుపు వెనక పాత పిలుపు నీడలా కదిలేది. మేనేజరు కబురుపెట్టి, మైకు గదిలో ఊరికే వచ్చి కూర్చోమన్నాడు. ఆయన వెళ్లనన్నాడు. "ఆ అమ్మాయి బాగా చెబుతోంది. పాపం, దాని పొట్ట ఎందుకు కొట్టడం?" అన్నాడు. అది రికార్డని ఆమె గుర్తుచెయ్యలేదు.

ఆ ఏడు చివర్లో మందుల షాపాయన ఒక ఆలోచన చేశాడు. ఈ జబ్బున్నవాళ్లూ, వాళ్ల ఇంట్లోవాళ్లూ అప్పుడప్పుడూ కలిస్తే బాగుంటుందని, షాపు పైగదిలో కుర్చీలు వేయించాడు. "బావగారు నాలుగు మాటలు చెప్పాలి. ప్యాచ్ ఎలా చూసుకోవాలి, అదీ ఇదీ" అన్నాడు. ఆయన ఒప్పుకోడనుకుంది. ఆయన చొక్కా ఏది బాగుంటుందని అడిగాడు.

గది చిన్నదే. ఒణికే చేతులు ఒళ్లో దాచుకున్నవాళ్లు కొందరు, వాళ్ల పక్కన అలిసిపోయిన ముఖాలతో కొందరు. ఆమె వెనక వరుసలో, తలుపు దగ్గర కూర్చుంది. ఆయన ముందు కుర్చీలో కూర్చుని మొదలుపెట్టాడు. పెదవులు కదులుతున్నాయి. కింద రోడ్డు మీద వాహనాల రొద. ఆమెకి ఒక్క ముక్క వినబడలేదు.  ఎందుకు ఒప్పుకున్నామా అనుకుంది. ఎవరో ఒకరు "గట్టిగా" అని అరుస్తారని ఒళ్లంతా బిగపట్టుకుంది.

ఎవరూ అరవలేదు. ముందు వరుసలో ఒక పెద్దాయన కుర్చీ జరుపుకుని దగ్గరకొచ్చాడు. ఆ పెద్దాయన్ని చూసి పక్కావిడ జరిగింది. కుర్చీకాళ్లు గీరుకుంటూ ఒక్కొక్కరే ఆమె మొగుడి చుట్టూ దగ్గరకి చేరారు. ఆయన చెయ్యి ఎత్తి ఏదో అన్నాడు. అంతే, అందరూ ఒక్కసారి గొల్లుమన్నారు. ముఖం కదలనివాళ్లు కూడా భుజాలు ఊపుకుంటూ నవ్వారు.

ఆమెకి ఆ మాట అందలేదు. అంతమందికి అందింది, తనకి అందలేదు.  ఏమన్నాడు? అంతకాలం ఆయన మాటలన్నీ ముందు తన చెవినే పడేవి, తర్వాతే ఊరికి. ఆమె లేచింది. తన కుర్చీ పట్టుకుని, మోకాళ్లకి తగలకుండా పక్కకి ఎత్తి పట్టుకుని, మనుషుల మధ్యలోంచి దారి చేసుకుంటూ ముందుకి నడిచింది.

"కాస్త జరగండి" అంది పెద్దాయనతో. ఆయన జరిగాడు. ఆమె కుర్చీ వేసుకుని కూర్చుంది.

"ఇందాక ఏమన్నారు?" అని అడిగింది. "మళ్లీ చెప్పండి."

అందరూ ఆయన వైపు చూశారు. ఆయన ఆమె వైపు చూసి, ఊపిరి కూడదీసుకుని, మళ్లీ మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టాడు.